యాక్సిడెంట్ తర్వాత స్నేహితులు తగ్గిపోయారు, మళ్లీ మనుషుల్లో కలవడం ఎలా?

మీ ప్రశ్న నిదానంగా చదివాను. వెన్నెముక దెబ్బతిని వీల్‌చైర్ వాడటం మొదలై మూడేళ్లయింది, మొదట్లో ఆసుపత్రికి గుంపుగా వచ్చిన స్నేహితులు ఇప్పుడు పుట్టినరోజుకి ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటున్నారు, రోజంతా అమ్మతోనూ ఫోన్‌తోనూ గడుస్తోంది, ఎవరైనా కొత్తగా పరిచయమైనా జాలితోనే మాట్లాడుతున్నారనిపిస్తోంది, ఇక నాలాంటివాళ్లతోనే కలవాలా అని అడిగారు. నేను చిన్నప్పటి నుంచి పోలియో వల్ల క్యాలిపర్లతో (కాళ్లకి ఆధారంగా కట్టుకునే లోహపు పట్టీలతో) నడుస్తున్నాను. కొత్తగా వైకల్యం వచ్చినవాళ్లతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను, తీరిక చూసుకుని చదవండి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మీలో ఏదో మారిపోయి మనుషులు దూరం కాలేదు. మీకు ఆ స్నేహితులు అసలు ఎలా అయ్యారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకే క్లాసులో కూర్చున్నారు, ఒకే బస్సెక్కారు, ఒకే గ్రౌండులో ఆడారు, రోజూ మొహాలు చూసుకున్నారు, అలా కలిసిపోయారు. ఎవరూ పనిగట్టుకుని స్నేహం మొదలుపెట్టలేదు. ఫెస్టింజర్, షాక్టర్, బాక్ అనే పరిశోధకులు అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం విద్యార్థులుండే ఇళ్ల సముదాయంలో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో పరిశీలించి 1950లో ప్రచురించారు. పక్కపక్క గుమ్మాలవాళ్లే ఎక్కువగా స్నేహితులయ్యారని తేలింది. కింద అంతస్తులో ఉన్నా, ఇల్లు మెట్ల పక్కనే ఉన్నవాళ్లకి పై అంతస్తులో స్నేహాలు ఎక్కువ, ఎందుకంటే పైవాళ్లు రోజూ వాళ్ల గుమ్మం ముందు నుంచే వెళ్లాలి. యాక్సిడెంట్ మీ నుంచి లాక్కున్నది ఈ ఎదురుపడటాన్నే. కబుర్లు చెప్పే గుణం, నవ్వించే గుణం, ఒకరి బాధ వినే గుణం ఎక్కడికీ పోలేదు. అవి బయటికి రావడానికి రోజూ దొరికే సందర్భమే పోయింది. అది ఇప్పుడు మనం కావాలని ఏర్పాటు చేసుకోవాలి, నేను రాయబోయేదంతా దాని గురించే.

ఇంకొకటి, మీకున్న ఒంటరితనం ఏ రకందో చూసుకోండి. రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే దీన్ని రెండుగా విడదీశారు. మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేకపోవడం ఒకటి, మనవాళ్లు అనుకోవడానికి ఒక గుంపు లేకపోవడం ఇంకొకటి. మీరు రాసినదాన్ని బట్టి మీకు రెండోదే ఎక్కువగా ఉందనిపిస్తోంది, అమ్మతో చాలా విషయాలు మాట్లాడతానన్నారు కదా. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనిచేయదు. గుంపు లేని బాధకి ఒక ప్రాణస్నేహితుడి కోసం వెతుకుతూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి, గుంపులో తిరుగుతుంటే ఆ ఒక్కరూ అందులోంచే రావచ్చు. అందుకే ముందు గుంపు సంగతి చూడమంటాను.

పాత స్నేహితుల గురించి. వాళ్ల మీద మీకు కోపం ఉంది, ఉండటం సహజం. కానీ వాళ్లు ఎందుకు తగ్గారో నాకు చాలామంది స్నేహితులే చెప్పారు. ఏం మాట్లాడాలో తెలియక. సినిమాకి వెళ్లామని చెబితే నొచ్చుకుంటారేమో, నడక గురించి అడిగితే ఏడుస్తారేమో, రమ్మంటే రాలేరేమో, పిలవకపోతే బాధపడతారేమో. ఈ మొహమాటంలో ఒక వారం నెల అవుతుంది, నెల ఏడాది అవుతుంది, తర్వాత ఇన్నాళ్లూ చేయలేదే అనే సిగ్గు అడ్డొస్తుంది. బ్రిటన్‌లో స్కోప్ అనే వైకల్య సంస్థ 2014లో చేసిన సర్వేలో 67 శాతం మంది వైకల్యం ఉన్నవాళ్లతో మాట్లాడటం తమకి ఇబ్బందిగా ఉంటుందని ఒప్పుకున్నారు. ఆ ఇబ్బంది చెడ్డతనం నుంచి వచ్చింది కాదు, అలవాటు లేక వచ్చింది.

కాబట్టి వాళ్లలో ఇద్దరినో ముగ్గురినో ఎంచుకుని మీరే మొదలుపెట్టండి. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, దెబ్బ తిన్నది నేను, ఫోన్ చేయాల్సింది కూడా నేనేనా అని. మీరన్నది నిజమే, న్యాయం ప్రకారం వాళ్లే చేయాలి. కానీ వాళ్లు కదలాలని ఎదురుచూసినకొద్దీ నష్టపోయేది మీరు. మెసేజ్‌లో "ఎలా ఉన్నావ్, నన్ను మర్చిపోయావా" అని మాత్రం పెట్టకండి, దానికి జవాబు చెప్పడం ఎవరికైనా కష్టం, క్షమాపణ చెప్పి తప్పుకుంటారు. పని, రోజు, టైము ఉన్న మెసేజ్ పెట్టండి. "ఆదివారం సాయంత్రం ఐదింటికి మ్యాచ్ ఉంది, మా ఇంట్లో చూద్దాం, రెండు గంటలు, వస్తావా?" ఇలా. కలిసినప్పుడు మొదటి పది నిమిషాల్లోనే ఆ మొహమాటాన్ని మీరే తీసేయండి. "నా కాళ్ల గురించి అడగాలనుంటే అడుగు, ఏడవను. అన్నట్టు నీ ఉద్యోగం సంగతేంటి?" అని నేరుగా వాళ్ల జీవితంలోకి వెళ్లండి. ముగ్గురిలో ఒకరు జవాబివ్వకపోవచ్చు, ఒకరు ఒకసారి వచ్చి ఆగిపోవచ్చు. ఒక్కరు నిలబడినా అది పెద్ద లాభమే.

ఇప్పుడు మీరు అడిగిన అసలు విషయం, జాలి. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నాకు తెలిసినవాళ్లలో చాలామందిని మెట్లకంటే ఎక్కువగా ఆపేసింది ఈ అనుమానమే.

జాలితో వచ్చేవాళ్లు ఉంటారు, లేరని నేను చెప్పను. మన తల నిమిరి, దేవుడున్నాడులే అని ఓదార్చి, ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. అయితే ఎక్కువకాలం ఒంటరిగా ఉన్న మనసు ఎదుటివాళ్ల మొహంలో ప్రతి కదలికనీ తిరస్కారంగా చదవడం మొదలుపెడుతుంది. జాన్ కాసియోపో అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన జీవితంలో పెద్దభాగం ఒంటరితనం మీదే పనిచేశారు. ఆయన పదేపదే చూపించింది ఇదే, ఒంటరితనం మనసుని కాపలా కుక్కలా తయారుచేస్తుంది, వచ్చేది దొంగా చుట్టమా అని చూడకుండానే మొరుగుతుంది. 2011లో మాసి, కాసియోపో తదితరులు ఒంటరితనం తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల మీద వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూశారు. మాట్లాడే నైపుణ్యం నేర్పడం, తోడు ఏర్పాటు చేయడం, కలిసే అవకాశాలు పెంచడం, ఇవన్నీ ఉన్నాయి. పకడ్బందీగా చేసిన అధ్యయనాల్లో అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం ఎదుటివాళ్ల గురించి మన మనసు ముందే రాసుకున్న తీర్పుల్ని సరిచూసుకోవడం నేర్పిన పద్ధతి.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. 2018లో బూత్‌బీ, కూనీ, వాళ్ల సహచరులు కొత్తగా పరిచయమైనవాళ్ల మాటల మీద వరుసగా అధ్యయనాలు చేశారు. మాట్లాడుకున్నాక ఒక్కొక్కరినీ విడిగా అడిగితే, ఎదుటివాళ్లకి నేను పెద్దగా నచ్చి ఉండను అనే చాలామంది అనుకున్నారు, నిజానికి అనుకున్నదానికంటే ఎక్కువగా నచ్చారు. హాస్టల్ గదుల్లో కలిసి ఉన్నవాళ్లలో ఈ తేడా నెలల తరబడి ఉండిపోయింది. వైకల్యం లేనివాళ్లకే ఇలా ఉంటే, బయటికి వెళ్లినప్పుడల్లా చూపుల్ని ఎదుర్కొనే మనకి ఇంకెంత ఉంటుంది?

మరి నిజంగా జాలా స్నేహమా తెలిసేదెలా అంటే, మొదటిరోజు తెలియదు. కొన్ని వారాలు పోయాక తెలుస్తుంది. మీతో మాట్లాడే మనిషి తన కష్టం మీకు చెప్పుకుంటున్నాడా? మీ మాట తప్పనిపిస్తే కాదని వాదిస్తున్నాడా? మీ దగ్గర ఏదైనా సాయం అడుగుతున్నాడా? మీరు రాకపోతే ఎందుకు రాలేదని కొంచెం చిరాకు పడుతున్నాడా? ఇవి ఉంటే అక్కడ జాలి లేదు, ఉన్నా కరిగిపోతోంది. ఎప్పుడూ మెచ్చుకుంటూ, ఏమన్నా తలాడిస్తూ, తన గురించి ఒక్క ముక్కా చెప్పకుండా వెళ్లేవాళ్లని మర్యాదగా పరిచయం దగ్గరే ఉంచండి. మొదట జాలితో వచ్చినవాళ్లు కూడా నిజమైన స్నేహితులు కావడం నేను చూశాను, వాళ్లని గుమ్మంలోనే తరిమేయకండి.

జాలి కరగడానికి నాకు తెలిసిన గట్టి మార్గం ఒకటే, మీ చేతిలో ఒక పని ఉండటం. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు వేర్వేరు వర్గాల మధ్య దూరం ఎప్పుడు తగ్గుతుందో రాశారు. ఊరికే కలిపి కూర్చోబెడితే తగ్గదు. ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఒకటే కావాలి, కలిసి పనిచేయాలి, పైవాళ్ల మద్దతుండాలి. మిమ్మల్ని చూడటానికి వచ్చేవాళ్లతో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. మీరు మంచం మీద, వాళ్లు కుర్చీలో, మాట్లాడేది మీ ఆరోగ్యం గురించి. అదే మీరు ఒక క్విజ్ బృందంలో చరిత్ర ప్రశ్నలు చూసుకునే మనిషైతే, నాటక బృందంలో లైట్లు చూసే మనిషైతే, చదరంగం క్లబ్బులో టోర్నమెంట్ డ్రాలు వేసే మనిషైతే, గ్రంథాలయంలో పిల్లలకి కథలు చదివే మనిషైతే, అక్కడివాళ్లకి మీరు కావాలి. మీరు రాని రోజు పని ఆగుతుంది. ఒకరు ఫోన్ చేసి "ఎక్కడున్నారు?" అంటారు. ఆ ఫోన్ వచ్చిందంటే మీరు ఆ చోటులో కలిసిపోయారనే లెక్క.

అందుకే చోటు ఎంచుకునేటప్పుడు "అక్కడ నన్ను బాగా చూసుకుంటారా" అనేదానికంటే "అక్కడ నేను ఏం పట్టుకోగలను" అని చూడండి. ప్రతివారం జరగాలి, అదే మనుషులు రావాలి, చేతిలో పనుండాలి. నెలకొకసారి జరిగే పెద్ద సభకంటే వారం వారం పదిమంది కలిసే గది చాలా నయం. మీరు ఇంతకుముందు అకౌంట్స్ చేసేవారని రాశారు. చిన్న క్లబ్బులు, స్వచ్ఛంద బృందాలు లెక్కలు చూసే మనిషి లేక అల్లాడుతుంటాయి. వెళ్లి అడగండి, ఎగిరి గంతేస్తారు.

ఓపిక గురించి ఒక లెక్క చెబుతాను, ఇది తెలిస్తే చాలా నిరాశ తగ్గుతుంది. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో స్నేహానికి ఎన్ని గంటలు పడతాయో అంచనా వేశారు. పరిచయం మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, ఇంకొంచెం గట్టి స్నేహానికి 90 గంటల దాకా, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా. వారానికి రెండు గంటల చొప్పున కలిస్తే 50 గంటలకే ఆరు నెలలు పడుతుంది. అంటే నెల రోజులు వెళ్లి "ఎవరూ దగ్గర కాలేదు" అని మానేసినవాళ్లు ఎనిమిది గంటల దగ్గరే లేచి వచ్చేశారన్నమాట. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఈ గంటలు తెలియకుండానే పోగవుతాయి. మనకి ప్రతి గంట వెనకా లిఫ్టు, టాక్సీ, తోడు, నొప్పి ఉంటాయి కాబట్టి ఇంకా నెమ్మదిగా పోగవుతాయి. కనీసం ఆరు నెలలు ఒకే చోట ఉంటానని ముందే అనుకుని వెళ్లండి. మధ్యలో ఫోన్ మాటలు, వాట్సాప్ కబుర్లు కలిస్తే ఇంకాస్త త్వరపడుతుంది.

ఇక బయటికి వెళ్లడం. వెన్నెముక గాయం ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండిపోవడానికి పైకి చెప్పే కారణం మెట్లు, లోపలున్న కారణం చాలాసార్లు మూత్రం. ఎక్కడ తడిసిపోతుందో, టాయిలెట్ దొరుకుతుందో లేదో అనే భయం. మీరు ప్రశ్నలో రాయలేదు కానీ ఉండొచ్చనుకుని చెబుతున్నాను. క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) అవసరమైనప్పుడల్లా పెట్టుకుని తీసేసేవాళ్లకి సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి అవసరం పడుతుంది. ఇంట్లో చూసుకుని బయల్దేరితే ప్రయాణంతో కలిపి మూడు గంటలు నిశ్చింతగా గడపొచ్చు. కాబట్టి మొదట రెండు గంటల కార్యక్రమాలే పెట్టుకోండి. నీళ్లు మానేసి వెళ్లే పని మాత్రం చేయకండి, ఇన్ఫెక్షన్లు వస్తాయి. మీ టైమింగ్ సంగతి డాక్టరుతోనో నర్సుతోనో ఒకసారి మాట్లాడి ఖాయం చేసుకోండి. ఒకట్రెండుసార్లు సాఫీగా జరిగితే ఆ భయం సగం పోతుంది.

వెళ్లే చోటు గురించి ముందే అడగండి. "వీల్‌చైర్‌కి వీలుంటుందా" అని అడిగితే అందరూ ఉంటుందనే అంటారు, వాళ్లకి ఒక్క మెట్టు మెట్టులా కనపడదు. కొలతలతో అడగాలి. గుమ్మం దగ్గర ఎన్ని మెట్లు, తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లు ఉందా, ర్యాంప్ ఉంటే ఎంత నిటారుగా ఉంది (ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి), టాయిలెట్ లోపల చైర్ తిరుగుతుందా. ఒక వీడియో తీసి పంపమనండి, నిమిషంలో తేలిపోతుంది. ఇలా అడిగితే విసిగిస్తున్నానేమో అనుకోకండి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణం సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కు గురించి, 30వ అధికరణం సాంస్కృతిక జీవితం, వినోదం, ఆటల్లో పాల్గొనే హక్కు గురించి. స్నేహితులతో ఒక సాయంత్రం గడపడం కూడా హక్కుల పత్రంలోకి ఎక్కిందంటే అది ఎంత అవసరమో చూడండి.

సాయం కావలసి వస్తే కూడా అంతే వివరంగా చెప్పండి. "నన్ను ఎత్తకండి, చైర్ వెనక్కి వంచి పెద్ద చక్రం మీద ఎక్కించండి" అని చెప్పేస్తే ఎదుటివాళ్లకి టెన్షన్ తగ్గుతుంది. ఏం చేయాలో తెలియనప్పుడే మనుషులు తప్పుకుంటారు. ఒంట్లో బాగోక రాలేకపోతే పెద్ద పెద్ద క్షమాపణలు వద్దు, "ఈరోజు కుదరదు, వచ్చే శనివారం వస్తాను" అని ఆ మెసేజ్‌లోనే తర్వాతి రోజు రాయండి. మానేసిన మనిషికీ, ఈ వారం రాని మనిషికీ తేడా వాళ్లకి అక్కడే తెలుస్తుంది.

నాలాంటివాళ్లతోనే కలవాలా అన్నారు. ఆ మాటలో కొంచెం బాధ వినిపించింది, అది రెండో రకం స్నేహమన్నట్టు. దయచేసి అలా అనుకోకండి. వీల్‌చైర్‌లో పదేళ్లున్న మనిషితో గంట మాట్లాడితే, పైన నేను రాసిన మూత్రం సంగతి నుంచి పెళ్లి సంగతి దాకా ఎవరికీ వివరించక్కర్లేకుండా మాట్లాడొచ్చు, ఆ హాయి ఇంకెక్కడా దొరకదు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, డాక్టర్ లుడ్‌విగ్ గుట్‌మన్ ఇంగ్లాండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వీల్‌చైర్‌లో ఉన్న 16 మందికి విలువిద్య పోటీ పెట్టారు. వాళ్లంతా యుద్ధంలో గాయపడినవాళ్లు. పారాలింపిక్స్ అందులోంచి పుట్టింది. అప్పటిదాకా వెన్నెముక దెబ్బతిన్నవాళ్లని మంచానికే వదిలేసేవారు, వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు పోటీపడుతూ బతుకులోకి తిరిగొచ్చారు. 1960ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎడ్ రాబర్ట్స్ అనే విద్యార్థి ఉండేవారు. పోలియో వల్ల మెడ కింద దాదాపు ఏమీ కదలదు, రాత్రిళ్లు ఐరన్ లంగ్ అనే ఊపిరి యంత్రంలో పడుకునేవారు. ఆయన్ని హాస్టల్లో పెట్టుకోలేక క్యాంపస్ ఆసుపత్రిలోనే ఒక గదిచ్చారు. తర్వాత ఆయనలాంటి విద్యార్థులు మరికొందరు ఆ అంతస్తులోనే చేరారు. రాత్రుళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకున్న ఆ గుంపే ముందుకెళ్లి, 1972లో వైకల్యం ఉన్నవాళ్లు తామే నడుపుకునే స్వతంత్ర జీవన కేంద్రాన్ని బర్క్‌లీలో పెట్టింది. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకి పాకింది.

కాబట్టి రెండూ ఉండాలి. మనలాంటివాళ్ల గుంపు ఒకటి, వైకల్యంతో సంబంధం లేని ఇష్టాల గుంపు ఒకటి. మొదటిది ఎక్కడుందో మీ ఫిజియోథెరపిస్టుని, వెన్నెముక గాయాల విభాగంలో సామాజిక కార్యకర్తని అడిగితే దారి దొరుకుతుంది.

ఆన్‌లైన్ స్నేహాలు నిజం స్నేహాలు కావని మీ అన్నయ్య అంటున్నారట. ఆయనకి మ్యాట్స్ స్టీన్ గురించి చెప్పండి. నార్వే కుర్రాడు, డుషెన్ కండరాల జబ్బుతో వీల్‌చైర్‌లో ఉండేవాడు, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట గంటల తరబడి ఆడేవాడు, అందులో అతని పేరు ఇబెలిన్. 2014లో 25 ఏళ్లకి చనిపోయాడు. కొడుకు స్నేహమంటే తెలియకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త పెడితే రకరకాల దేశాల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి, మా కష్టాలు విన్నాడు, మా ఇంట్లో గొడవ సర్దాడు అంటూ. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకే వచ్చారు. అక్కడ కూడా సూత్రం అదే చూడండి, అదే మనుషులు, రోజూ అదే చోటు, కలిసి చేసే పని, ఒకరికొకరు అవసరం. రీల్స్ చూస్తూ లైకులు కొట్టడంలో ఇవేవీ లేవు. పదిమంది ఉండే చిన్న బృందంలో, వారానికొక రోజు ఒక టైముకి గొంతు వినిపించేలా కలిస్తే ఆన్‌లైన్ కూడా నిలబడుతుంది. నొప్పి ఎక్కువగా ఉండి బయటికి పోలేని రోజుల్లో ఇదే ఆధారం.

అమ్మ గురించి కొంచెం సున్నితంగా చెప్పాలి. ఆమె లేకపోతే మీకు ఒక్కరోజు గడవదు, ఆమె ప్రేమకి వంక లేదు. కానీ ఆమె పక్కన కూర్చుంటే ఎదుటివాళ్లు మీతో మాట్లాడాల్సింది ఆమెతో మాట్లాడతారు. "అబ్బాయి టీ తాగుతాడా అండీ?" అని. 2016లో ఎరిక్ కార్టర్ బృందం అమెరికా హైస్కూళ్లలో తీవ్ర వైకల్యం ఉన్న విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, పక్కన పెద్దవాళ్లు సహాయకులుగా ఉన్నవాళ్లకంటే తోటి విద్యార్థులే సాయం చేసే ఏర్పాటు ఉన్నవాళ్లు తోటివాళ్లతో ఎక్కువగా కలిశారు, కొత్త స్నేహాలూ ఎక్కువగా చేసుకున్నారు. మీ విషయంలో అమ్మని దించి వెళ్లమనండి, లేదా అదే భవనంలో వేరే గదిలో ఉండమనండి, ఫోన్ చేస్తే వస్తుంది. ఇలా చెబితే ఆమె నొచ్చుకోవచ్చు. "నువ్వు వద్దని కాదమ్మా, నా మాట నేనే మాట్లాడుకోవాలి" అని ముందురోజే ఇంట్లో కూర్చుని చెప్పండి, బయట నలుగురిలో వద్దు. ఆ రెండు గంటలు ఆమెకీ కావాలి. ఆమె కూడా మీతోపాటు మూడేళ్లుగా మనుషులకి దూరమైంది కదా.

ఇది చదివే మిగతావాళ్లకి కొంచెం. వినికిడి లేనివాళ్లకి గుంపులో కూర్చుని ఏమీ అందకపోవడం ఇంట్లో ఒంటరిగా ఉండటంకంటే బాధగా ఉంటుంది, కాబట్టి ముగ్గురు నలుగురు మించని గుంపు, మొహాల మీద వెలుతురు పడే చోటు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే ఒప్పందం అడగండి, సైగల భాష వచ్చినవాళ్ల సంఘాన్ని మాత్రం వదులుకోకండి. చూపు లేనివాళ్లకి ఎవరు వచ్చారో ఎవరు వెళ్లారో తెలియదు, పేరు చెప్పి పలకరించమని మొదటిరోజే అడిగేయండి. ఆటిజం ఉన్నవాళ్లకి మనుషులతో కలవడం చేతకాదనే మాటని నేను ఒప్పుకోను. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆటిజం ఉన్న పరిశోధకుడు, అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని రాశారు, మిగతావాళ్లకీ ఆటిజం ఉన్నవాళ్లు అర్థం కావట్లేదు కదా. మొహంలో మొహం పెట్టి కబుర్లు చెప్పడం కష్టమైతే పక్కపక్కన కూర్చుని ఒక బొమ్మ గీయడం, ఒక ఆట ఆడటం అంతే మంచి స్నేహం. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలున్న తల్లిదండ్రులు స్పెషల్ ఒలింపిక్స్ వాళ్ల యూనిఫైడ్ స్పోర్ట్స్ గురించి కనుక్కోండి, వైకల్యం ఉన్నవాళ్లు లేనివాళ్లు ఒకే జట్టులో ఆడతారు.

మోసాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే స్నేహం కోసం తపించేవాళ్లని వెతికి పట్టుకునే మనుషులున్నారు. పెన్షన్ పడే రోజుకే కనపడేవాళ్లు, ఎప్పుడూ మీచేతే డబ్బు పెట్టించేవాళ్లు, ఏటీఎం కార్డు, ఓటీపీ అడిగేవాళ్లు, "ఇంట్లో చెప్పకు" అనేవాళ్లు, మిగతా స్నేహితుల మీద మీకు విరక్తి పుట్టించేవాళ్లు. ఇందులో ఒక్కటి కనపడినా నమ్మకమైన ఇంకొకరికి ఆ రోజే చెప్పండి. ఉన్న ఒక్క స్నేహితుడూ పోతాడేమో అన్న భయంతో నోరు మూసుకుని లక్షలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను, తప్పు వాళ్లది కానే కాదు.

చివర్లో మీరు "బతకాలనిపించట్లేదు ఒక్కోసారి" అని ఒక వాక్యం రాశారు. దాన్ని నేను దాటేయలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం ఉంది, ఏడాదికి దాదాపు 8,71,000 మరణాలకి దానితో సంబంధం ఉంది. అంటే ఇది గుండెజబ్బులాగే పట్టించుకోవాల్సిన విషయం. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన పదేపదే రావడం ఉంటే ఇవాళే అమ్మకి చెప్పండి, ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ని కలవండి. డిప్రెషన్ ఉండగా నేను పైన రాసినవి చేయమంటే కాళ్లకి బరువు కట్టి పరుగెత్తమన్నట్టే. మందులు, కౌన్సెలింగ్‌తో ఆ బరువు తగ్గాక ఇవన్నీ చేతిలోకి వస్తాయి. ఆ ఆలోచన గట్టిగా వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండకండి, మీ దగ్గర పనిచేసే హెల్ప్‌లైన్ నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఈ వారానికి మీరు చేయాల్సింది రెండే. ఒక పాత స్నేహితుడికి రోజు, టైము ఉన్న మెసేజ్ ఒకటి. లెక్కలు చూసే మనిషి అవసరమున్న చిన్న బృందం ఒకదానికి ఫోన్ ఒకటి. మీకు రోజులో ఒంట్లో బాగుండే టైము ఏది, బయటికి వెళ్లడానికి ఏ బండి దొరుకుతుంది, యాక్సిడెంట్‌కి ముందు ఏ పని చేస్తుంటే టైము తెలిసేది కాదు, ఈ మూడూ నాకు రాయండి. ఎలాంటి చోటు మీకు కుదురుతుందో కలిసి చూద్దాం.